చీపుళ్ళావిడ ఇంట్లో స్టవ్వు

ఆయన్ని అక్కడా ఇక్కడా అందరూ స్టవ్వులాయన అనే పిలుస్తారు. పుట్టిన ఊళ్ళో ఉన్న రోజుల్లో ఆ మాటలో కాస్త చులకన ఉండేది. దేశం దాటి వెళ్ళి, సొంతంగా వ్యాను కొనుక్కుని, దాని మీద మంట బొమ్మ వేయించుకున్నాక అదే మాటకి గౌరవం వచ్చింది. మాట మారలేదు, మనిషీ మారలేదు, మధ్యలో ఒక వ్యాను వచ్చిందంతే. లోకం తీరే అంత అని ఆయనే నవ్వేవాడు.

పని మేనమామ దగ్గర నేర్చుకున్నాడు. బస్టాండు వెనక ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాల్సిన కొట్టు అది. మేనమామ నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది. మంట పసుపుగా కనిపిస్తుంటే స్టవ్వు తిరిగిచ్చేవాణ్ణి ఆ చేత్తోనే ఒక్కటి పీకేవాడు. మంట నీలంగా, నిలకడగా వస్తే స్టవ్వు బాగుపడినట్టు, పసుపు కొడితే ఇంకా జబ్బు వదలనట్టు. మేనల్లుడికి మిగతా చదువు అబ్బలేదు గానీ ఈ ఒక్క పాఠం ఒంటికి పట్టింది.

పరాయి దేశం వెళ్ళింది మాత్రం హోటల్లో గిన్నెలు కడగడానికి. ఒకనాడు జనం కిటకిటలాడుతున్న వేళ వంటగదిలో పెద్ద స్టవ్వు మొరాయించింది. వంటవాళ్ళు తలలు పట్టుకున్నారు, యజమాని అందరినీ తిట్టి పోశాడు. ఈయన సబ్బు చేతులు తుడుచుకుని, ఎవర్నీ అడక్కుండా మోకాళ్ళ మీద కూర్చుని బర్నర్ విప్పేశాడు. మళ్ళీ గిన్నెల జోలికి పోవాల్సిన అవసరం రాలేదు. అప్పట్నుంచి ఇరవై ఏళ్ళుగా ఆ నగరంలో ఎవరింట్లో మంట తగ్గినా ఆయనకే కబురు.

అక్కడివాళ్ళకో అలవాటుంది. వంటగది గోడల రంగు నచ్చకపోతే గోడతో పాటు స్టవ్వునీ మార్చేస్తారు. పాతది వీధిలో పెడతారు, చెత్తబండి పట్టుకుపోతుంది. కాస్త ఒళ్ళు వంచితే ఇంకో పదేళ్ళు పనిచేసే స్టవ్వు చెత్తబండి ఎక్కుతుంటే చూడటం ఈయన వల్ల కాలేదు. వాటిని వ్యాన్లో వేసుకుని ఇంటికి తెచ్చి వెనక షెడ్డులో పేర్చడం మొదలుపెట్టాడు. ఎందుకో ముందు ఆయనకే తెలియదు. తరవాత ఒక రోజు, పుట్టిన ఊళ్ళోనే ఒక పేటలో ఉండే అక్క ఫోన్లో దగ్గుతూ మాట్లాడింది. పక్కింటి కట్టెల పొగ తన కుట్టుమిషను మీదికి వస్తోందిట. ఆ పేటలో ఏ ఇంటికైనా ఉన్నది ఒకే గది, వంటా అందులోనే, పడకా అందులోనే. పిల్లలందరికీ గొంతులో పిల్లికూతలు. స్టవ్వులు ఎక్కడికి వెళ్ళాలో ఆయనకి అప్పుడు తెలిసింది.

సెలవురోజులన్నీ షెడ్డులోనే గడిచాయి. "నాకూ ఒక మొగుడుండేవాడు, షెడ్డుకిచ్చి పెళ్ళి చేశాను" అని భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఒక్కో స్టవ్వునీ విప్పి, తుప్పు గీకి, గ్యాసు చిమ్మే కన్నం ఉండే అరిగిన జెట్లు పారేసి కొత్తవి బిగించేవాడు. షెడ్డులో ఉన్న గ్యాసు పైపుకి తగిలించి వెలిగించి, నీలంగా, నిలకడగా మంట వచ్చేదాకా వదిలేవాడు కాదు. ఊరికే ఇచ్చేది కదా అని ఒక్కదాన్ని కూడా చూసీ చూడనట్టు పోనివ్వలేదు. అలా నలభై పోగయ్యాయి. ఓడ ఖర్చు అక్కడున్న మనవాళ్ళ సంఘం పెట్టుకుంది. సిలిండర్ల సంగతి అక్క చూసుకుంది.

ఖర్చు పెట్టిన సంఘం ఊరికే ఉంటుందా. సభ జరిగింది, చప్పట్లు మోగాయి. నలభై ఇళ్ళలోనూ ఒకే సాయంత్రం స్టవ్వులు వెలగాలని, ఆ వీడియో తమకి కావాలని సంఘం పెద్ద ముచ్చటపడ్డాడు. ఈయనకీ ఆ ముచ్చట అంటుకుంది. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది. అక్కకి ఫోన్లో ఒకటికి పదిసార్లు చెప్పాడు, ముందే ఎవరూ వెలిగించకూడదని, వీడియో తీసేటప్పుడు ఫోన్ మోగకుండా పెట్టుకోవాలని.

ఆ రోజు వచ్చింది. ఆయనున్న చోట మధ్యాహ్నం, పేటలో సాయంత్రం. ఈయన నగరం దాటి, పైపులైను చేరని చోట ఒక ఇంటికి కొత్త స్టవ్వు బిగించడానికి వెళ్ళాడు. గోడ బయట సిలిండర్ నిలబెట్టి ఉంది. ఇలాంటి ఇల్లు ఎప్పుడో గానీ తగలదు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని సంచి తెరిచాడు. చెయ్యి దానంతటదే అడుగున ఉన్న చిన్న డబ్బా కోసం వెళ్ళింది. స్టవ్వుతో వచ్చిన జెట్టు విప్పి పక్కన పెట్టి, డబ్బాలోంచి సన్న కన్నం జెట్టు తీసి మర తిప్పడం మొదలుపెట్టాడు. సగం తిప్పాక చెయ్యి ఆగిపోయింది.

పైపులో వచ్చే గ్యాసు పలచన, నిదానంగా వస్తుంది. దానికి జెట్టు కన్నం పెద్దదిగా ఉండాలి. సిలిండర్ గ్యాసు చిక్కన, తోసుకుంటూ వస్తుంది. దానికి కన్నం సూదిమొనంత ఉంటే చాలు. పెద్ద కన్నంలోకి సిలిండర్ గ్యాసు వదిలితే మంట పసుపుగా ఎగిసి మసి కక్కుతుంది. మసి నయం, కంటికి కనిపిస్తుంది. దాంతో పాటు కనిపించనిది ఇంకోటి పుడుతుంది, రంగూ వాసనా లేని విషం. తలుపులు మూసిన గదిలో అది మనిషిని నిద్రపుచ్చినట్టే పుచ్చి లేవనివ్వదు. స్టవ్వు బాగుచేయమని పిలిస్తే వెళ్ళి, బాగుచేయించుకునేవాళ్ళు ఇక లేరని గుమ్మంలోనే తెలుసుకుని వెనక్కి వచ్చిన ఇల్లు ఆయన ఎరుకలో ఒకటుంది.

పేటలో ఉన్నవన్నీ సిలిండర్లు. తను పంపిన నలభైకీ తన చేత్తో బిగించినవి పైపు జెట్లు. సిలిండర్ల మీద పని నేర్చుకున్న మనిషే, ఇరవై ఏళ్ళుగా పైపుకి అలవాటుపడిన చేత్తో ఒక్కోదాన్నీ పైపు గ్యాసు మీదే సరిచూసి, భేషుగ్గా ఉందని మురిసిపోయి పంపాడు. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

అక్కకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. మోగనివ్వొద్దని చెప్పింది తనే. స్టవ్వు పెట్టించుకుంటున్న ఇంటావిడ వచ్చి ఏమైందని అడిగింది. పేట మొదట్లో ఉన్న కిరాణా కొట్టాయన నంబరు గుర్తొచ్చింది.

"ఎవరూ, స్టవ్వులాయనా? నీ గురించే అనుకుంటున్నాం. ఎంత పుణ్యం కట్టుకున్నావయ్యా. మా పేటంతా ఇవాళ..."

"అన్నా, ఆగు. స్టవ్వులు వెలిగించొద్దని చెప్పు. పరిగెత్తు."

"వెలిగించేశారు కదయ్యా. ఇప్పుడే మా ఇంటావిడ కూడా చూసొచ్చింది. మంట ఇంతెత్తున లేస్తోందిట. విదేశీ స్టవ్వు విదేశీ స్టవ్వే అని..."

"అన్నా, అది విషం. తలుపులు తెరిపించు. సిలిండర్లు ఆపించు. మా అక్కకి ఫోనివ్వు. నీ కాళ్ళు పట్టుకుంటాను, కబుర్లు తరవాత."

కొట్టాయన లావుపాటి మనిషి. ఫోన్లో చెప్పుల చప్పుడు, ఆయాసం వినిపించాయి. కొట్టు తెరిచి వదిలేసి వచ్చానని ఆ తరవాత జీవితాంతం చెప్పుకున్నాడు గానీ, ఆ సాయంత్రం ఆయన పరిగెత్తిన పరుగు నిజంగా పెద్దదే. కాసేపటికి అక్క గొంతు వినిపించింది.

"ఏంట్రా తమ్ముడూ, ఏం కొంప మునిగింది?"

చెప్పాడు. అక్క ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆవిడ కుట్టే మనిషి, తప్పు కత్తిరింపు పడితే ముందు కత్తెర ఆపాలని తెలుసు. ఫోన్ చేతిలో పట్టుకునే ఇంటింటికీ పరుగుపెట్టింది. ఆర్పండి, బయటికి రండి అని ఆవిడ అరుస్తుంటే ఈయన పరాయి ఇంటి వంటగదిలో నేల మీద కూర్చుని వింటున్నాడు. వీడియో పుణ్యమా అని చాలా ఇళ్ళలో తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. గిన్నెల అడుగులు నల్లబడ్డాయని నవ్వుకుంటున్న ఆడవాళ్ళు అక్క ముఖం చూసి చప్పున ఆర్పేశారు.

అందరూ అంత తేలిగ్గా వినలేదు. అంతకు రెండేళ్ళ ముందు ఎవరో వచ్చి దుప్పట్లు పంచి, ఫోటోలు తీసుకుని, ఆ దుప్పట్లే తిరిగి బండిలో వేసుకుపోయారట. పక్క పేటలోనూ పంచాలి, అక్కడా ఫోటోలు కావాలి. అది ఇంకా ఎవరూ మరిచిపోలేదు. "వీడియో అయిపోయిందిగా, ఇక పట్టుకుపోతారు" అని ఎవరో అనడం ఈయనకి ఫోన్లో స్పష్టంగా వినిపించింది.

"పట్టుకుపోవడానికి కాదే, మీ ప్రాణాలు పోతాయని," అంటూ అక్క ఇంకో తలుపు కొట్టింది. అది తెరుచుకోలేదు.

"ఎవరిల్లు అక్కా?"

"చీపుళ్ళావిడది. లోపలే ఉంది. గడియ పెట్టుకుంది."

చీపుళ్ళావిడకి మొగుడు లేడు, చిన్న కూతురుంది. ఇంట్లోనే చీపుళ్ళు కట్టి వీధి వీధీ తిరిగి అమ్ముకుంటుంది. దుప్పట్ల రోజున అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆవిడే. కప్పుకుని నిద్రపోయిన పిల్ల మీంచి లాక్కుపోయారట. అందుకే ఈసారి వెలిగించగానే గడియ పెట్టుకుంది. గాలికి మంట చెదురుతోందని కిటికీలో చీపురు కట్టలు కుక్కింది. పట్టుకుపోయేవాళ్ళు ఎలా వస్తారో చూద్దామనుకుంది.

"తలుపు తియ్యవే, స్టవ్వు నీదే, ఎవరూ తీసుకోరు." అక్క గొంతు బొంగురుపోయింది. లోపల్నుంచి మొదట ఏదో జవాబు వచ్చింది. తరవాత రాలేదు.

"పగలగొట్టండక్కా," అన్నాడాయన.

కొట్టాయన దగ్గర గునపం ఉంది. దెబ్బలు ఒకటొకటిగా ఫోన్లో వినిపించాయి. చెక్క విరిగిన చప్పుడు, ఒక్కసారిగా నలుగురి గొంతులు, "పిల్ల, ముందు పిల్లని" అని ఎవరో అనడం, ఆ తరవాత ఫోన్ తెగిపోవడం.

ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకి తెలియదు. ఇంటావిడ గ్లాసుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది, తాగలేదు. సగం బిగించిన జెట్టు స్టవ్వులోనే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి భయమేసింది. ఇన్నేళ్ళ పనిలో ఆయనకి తన చేతులంటే భయం వేసింది అదే మొదటిసారి. ఆ పిల్ల పోతే ఇక ఏ స్టవ్వూ ముట్టుకోను అనుకున్నాడు, వెంటనే సిగ్గుపడ్డాడు. పిల్ల ప్రాణం అటూ ఇటూ ఊగుతుంటే తన పని గురించి మొక్కుకుంటున్నాడు.

ఫోన్ మోగింది. అక్క.

"ఆసుపత్రిలో ఉన్నాంరా. పిల్లకి ఆక్సిజన్ పెట్టారు. కళ్ళు తెరిచింది. వాంతి చేసుకుంది. వాళ్ళమ్మ బానే ఉంది. పిల్ల చిన్నది కదా, దానికి ఎక్కువ తగిలింది. ఇప్పుడు నీళ్ళు అడుగుతోంది. వింటున్నావా?"

వింటున్నాడు. ఏడ్చేశాడు. అక్క వారించలేదు, తనూ ఏడ్చింది.

ఇంటికి చేరేసరికి సంఘం పెద్ద వచ్చి ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. పెద్దమనిషి, నిదానంగా మాట్లాడతాడు. "జరిగింది జరిగిపోయింది. పిల్ల బతికింది, అది ముఖ్యం. ఇంకొకరికి సాయం చేయాలంటే సంఘం పరువు నిలబడాలి కదా. కొత్త వస్తువు, వాడకం తెలియక ఆవిడ తలుపు మూసుకుందని చెబుదాం. అందులో అబద్ధం ఏముంది? మూసుకుంది కదా."

నిజం దాచడమెందుకు, ఆ మాట స్టవ్వులాయనకి చల్లగా తగిలింది. వాడకం తెలియక. ఆ రెండు మాటలకీ ఊ కొడితే తన వ్యాను, తన పేరు, సభలో మోగిన చప్పట్లు, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. భార్య వంటగది గుమ్మంలో నిలబడి ఆయన ముఖమే చూస్తోంది. ఆయన అవుననలేదు, కాదనలేదు. పెద్దాయన దాన్ని అవుననే లెక్కవేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు అక్క మళ్ళీ ఫోన్ చేసింది. పిల్లని ఇంటికి పంపారట.

"మరి ఆవిడ?"

"ఏం చెప్పమంటావురా. తిండి మానేసింది. గడియ పెట్టింది నేనే, కిటికీ మూసింది నేనే, నా బిడ్డకి నేనే గండం తెచ్చానని గోడకి తల కొట్టుకుంటోంది. పేటలో ఆడవాళ్ళు కూడా దాన్నే తిడుతున్నారు. ఊరికే వచ్చిన వస్తువుని దాచుకోబోయి పిల్లని చంపుకునేదని. మీ సంఘం వాళ్ళెవరో కొట్టాయనకి ఫోన్ చేసి, వాడటం రాకే జరిగిందని చెప్పారట. ఆయన అది ఊరంతా టముకు వేశాడు."

"నువ్వు చెప్పలేదా అక్కా, జెట్లు..."

"నాకేం తెలుసురా జెట్లు? అది నువ్వు చెప్పాలి."

ఫోన్ పెట్టేసి ఆయన షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు. భార్య వచ్చి పక్కన కూర్చుంది. "వెళ్ళకపోతే నీకు నిద్ర పట్టదు, నన్నూ పడుకోనివ్వవు. వెళ్ళు," అంది. చేతిలో సన్న కన్నం జెట్ల సంచి, బట్టల పెట్టెలో పనిముట్లు. సంఘంలో ఎవరికీ చెప్పకుండా విమానం ఎక్కాడు.

పేటలో స్టవ్వులు గుమ్మాల బయట ఉన్నాయి. లోపల పెట్టుకోవడానికి భయం, పారేయడానికి మనసొప్పక అలా వదిలేశారు. మళ్ళీ కట్టెల పొగ. ఆయన వస్తుంటే జనం గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. కొట్టాయన ఎదురొచ్చి చెయ్యి పట్టుకోబోయాడు. స్టవ్వులాయన చెయ్యి ఇవ్వకుండా, అందరూ కనిపించే చోట నిలబడ్డాడు.

"తప్పు మీదెవరిదీ కాదు. చీపుళ్ళావిడది అసలే కాదు. నేను బిగించిన జెట్టు తప్పు. అది పైపు గ్యాసుది, మీది సిలిండరు. తలుపు తెరిచి ఉన్నా ఆ స్టవ్వు మంచిది కాదు. నేను చూసుకోలేదు."

గుంపులోంచి ఒక ముసలావిడ, "అంత పెద్ద మెకానిక్కువట, నీకు తెలియదా నాయనా?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది.

"తెలుసమ్మా. తెలిసీ మరిచిపోయాను."

తెలియదని అనుంటే బావుండేదేమో. ఆ మాటకి ముసలావిడ ముఖం తిప్పుకుంది. ఆయన తల వంచుకుని మొదటి గుమ్మం ముందు కూర్చుని స్పానర్ తీశాడు. పెద్ద కన్నం జెట్టు విప్పడం, సన్నది బిగించడం, వెలిగించి చూపించడం. వాళ్ళ ముందే వెలిగించి, నీలం మంట చూపించి, తన చేత్తో సిలిండర్ ఆపేసి, మళ్ళీ వాళ్ళ చేత వెలిగించమనేవాడు. కొందరు వెలిగించారు. కొందరు రేపు అన్నారు. ఒకావిడ టీ ఇచ్చింది, ఇంకొకావిడ గుమ్మంలోకి రానివ్వలేదు. అన్నిటికీ తల ఊపాడు. అక్క వెనకే ఉండి, విప్పిన జెట్లన్నీ ఒక గుడ్డలో మూట కట్టింది.

చీపుళ్ళావిడ ఇల్లు చివరికి మిగిలింది. నిజానికి ఆయనే చివరికి మిగిల్చాడు. విరిగిన తలుపుకి కొత్త చెక్క అతికి మేకులు కొట్టారు. పిల్ల గుమ్మంలో కూర్చుని చీపురు పుల్లలు ఏరుతోంది, ముఖం ఇంకా పాలిపోయే ఉంది. లోపల్నుంచి వాళ్ళమ్మ వచ్చింది. చిన్న వయసే, కళ్ళకింద నలుపు.

"అందరికీ చెప్పానమ్మా, నీ తప్పు కాదని," అన్నాడు.

"విన్నానన్నా. అందరికీ చెప్పావు. నాకు చెప్పలేదు."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. వీధిలో నిలబడి నలుగురికీ వినపడేలా చెప్పడం తేలికే, ఒక్క మనిషి కళ్ళలోకి చూసి చెప్పడం కష్టం. ఆమె ముందు నిలబడి చెప్పాడు. "నీ బిడ్డకి గండం తెచ్చింది నేను. నువ్వు కాదు. నువ్వు తలుపు తెరిచినా, మూసినా, ఆ స్టవ్వు పంపింది నేను."

ఆమె ఏడవలేదు. స్టవ్వు వైపు చెయ్యి చూపించింది. "బాగుచెయ్యి."

పేట మొత్తంలో ఆ ఒక్క స్టవ్వే ఇంట్లో ఉంది. అలాగే ఉంచింది, నల్లబడిన గోడ పక్కనే. ఆయన వంగి జెట్లు మార్చాడు. మర ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు, సబ్బు నురగ పూసి గ్యాసు కారడం లేదని చూసుకున్నాడు. అగ్గిపెట్టె అందుకోబోతుంటే ఆమె, "ఆగు," అంది.

చీపురు కట్టలు తీసి కిటికీలో కుక్కింది. ఆ రోజు ఎలా మూసిందో అలాగే, సందు లేకుండా. మంచి స్టవ్వుకైనా కిటికీ తెరిచి ఉండాలమ్మా అని చెప్పబోయాడు. ఎప్పుడూ అందరికీ చెప్పే మాటే అది. ఇప్పుడు తన నోట్లోంచి వస్తే అది సాకులా ఉంటుందనిపించి మాట మింగేశాడు. ఆమె పిల్లని ఎత్తుకుని బయటికి నడిచింది. తలుపు లాగింది. బయట గడియ పడింది. అక్క ఏదో అనబోతే, "నువ్వు ఉండక్కా," అనడం వినిపించింది.

"వెలిగించన్నా."

వెలిగించాడు. చిన్న మంట, నీలంగా, నిలకడగా. గది చీకటిలో అది ఒక్కటే వెలుతురు. ఆయన నేల మీద కూర్చున్నాడు. బయట జనం పోగైన అలికిడి తెలుస్తోంది.

"అన్నా, తల తిరుగుతోందా?"

"లేదమ్మా."

కాసేపయింది.

"కడుపులో తిప్పుతోందా? మా పిల్లకి ముందు కడుపులో తిప్పింది."

"లేదమ్మా."

గొంతు వణికింది. మంట వల్ల కాదని ఆమెకి తెలియాలని మళ్ళీ గట్టిగా చెప్పాడు, లేదని. కళ్ళు తుడుచుకున్నాడు. గడియ తీస్తుందేమోనని తలుపు వైపు చూశాడు. తలుపుకి అవతల, చాలా దగ్గర్నుంచి, ఆమె గొంతు వచ్చింది.

"ఆ రోజు నా పిల్ల అందులో ఎంతసేపు ఉందో అంతసేపు ఉండు."

"ఉంటానమ్మా," అన్నాడు.